చిన్నారావు పికప్ ఎందుకు లాగలేదు

హుకుంపేట సంతకి వెళ్ళే దారిలో, రేకుల షెడ్డులో ముప్పై ఏడేళ్ళు బళ్ళు బాగుచేశాను. చేతులు వణకడం మొదలయ్యాక నిరుడు స్పానర్లు నూనెగుడ్డలో చుట్టి పక్కన పెట్టేశాను. మెకానిక్ పని నేర్చుకుంటున్న పిల్లలు కొందరు వచ్చి, మీ అనుభవాలు రాసిపెట్టండి మేస్త్రీగారూ అని అడిగారు. బాగుచేసిన బళ్ళ గురించి రాస్తే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుంది. అందుకని నేను పాడుచేసిన బండి గురించి రాస్తున్నాను. ఇది జరిగి ఆరేళ్ళు దాటింది. ఇంత చిన్న విషయం నా కంట ఎలా పడలేదో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

లాగటం లేదంటే

ఏజెన్సీ కొండల్లో మెకానిక్ ఎక్కువగా వినే మాట ఇదే. మైదానంలో ఇంజను కాస్త నీరసించినా ఎవరికీ తెలియదు. ఇక్కడ మొదటి మలుపులోనే బయటపడుతుంది. వెనక పసుపు బస్తాలో, కాఫీ గింజలో, సంత రోజైతే మనుషులో ఉంటారు. బస్సు రాని ఊళ్ళకి పికప్పే బస్సు. తప్పే, కాని వేరే దారి లేదు. డ్రైవరు యాక్సిలరేటర్ నేలకి తొక్కుతాడు, బండి మూలుగుతుంది, రెండో గేరులో పాకుతుంది. మర్నాడు పొద్దున్నే మన షెడ్డు ముందు ఉంటాడు.

కారణాలు పెద్ద రహస్యమేమీ కాదు. గాలి ఫిల్టరు దుమ్ముతో పూడిపోతుంది. డీజిల్ ఫిల్టరులో నీళ్ళు చేరతాయి. టర్బో గొట్టం పగిలి గాలి బయటికి పోతుంది. క్లచ్చి జారుతుంది. మీకు వీటిని వరసగా నేర్పుతారు, ఇంజను తప్పులు చదివే స్కానర్ తగిలిస్తే సగం అదే చెప్పేస్తుంది. ఆ వరస మంచిదే, వదిలిపెట్టమని నేను అనను. కాని అదంతా ఇంజనుకి బలం ఎందుకు తగ్గింది అని మాత్రమే అడుగుతుంది. బలం బాగానే ఉండి, బండిని ఇంకేదో వెనక్కి పట్టుకుని ఉండొచ్చు. నాకు ఆ ఆలోచన రాలేదు. అప్పటికి నా అనుభవం ముప్పై ఏళ్ళ పైమాట.

గౌస్ మేస్త్రీ

నేను పని నేర్చుకున్నది నర్సీపట్నంలో గౌస్ మేస్త్రీ దగ్గర. మంచి గురువని చెప్పను. కోపం వస్తే చేతిలో ఏది ఉంటే అది విసిరేవాడు. రెండుసార్లు నా భుజానికి తగిలింది. కాని పనిలో అలాంటి మనిషిని మళ్ళీ చూడలేదు.

బండి రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. చుట్టూ ఒకసారి తిరిగేవాడు. నాలుగు చక్రాల దగ్గరా వంగి, అరచెయ్యి తిరగేసి, తగలకుండా దగ్గరగా పెట్టి వేడి చూసేవాడు. డ్రైవర్ని రెండు ప్రశ్నలు అడిగితే, వెనక బస్తాల మీద కూర్చుని వచ్చిన కూలీలని నాలుగు అడిగేవాడు. "డ్రైవరు అద్దంలోంచి ముందుకి చూస్తాడురా. బండి ఎక్కువగా ఉండేది వెనక" అనేవాడు. ఇంకో అలవాటు కూడా నేర్పాడు. బిగించిన ప్రతి నట్టు మీదా ఒక రంగు చుక్క పెట్టించేవాడు. తర్వాత ఏదైనా తేడా వస్తే ఎవరు చేశారో తెలియాలని. నాది పసుపు రంగు.

చుక్క అలవాటు చివరిదాకా ఉంచుకున్నాను. చక్రాలకి చెయ్యి చూపించే అలవాటు, వెనకవాళ్ళని అడిగే అలవాటు ఎప్పుడు పోయాయో చెప్పలేను. స్కానర్ కొన్నాక అనుకుంటాను.

మూడుసార్లు వచ్చాడు

చిన్నారావుది మాకు పైన, ఘాటీ ఎక్కి అవతలికి దిగితే వచ్చే గిరిజన గ్రామం. ముప్పై ఏళ్ళుంటాయి. ఎవరి దగ్గరో డ్రైవరుగా చేసి, చివరికి తనదంటూ ఒక పాత పికప్ తెచ్చుకున్నాడు. పై ఊరివాళ్ళు సంతకి రావాలన్నా, ఆస్పత్రికి రావాలన్నా అదే బండి.

మొదటిసారి చలికాలం పొద్దున్న వచ్చాడు, మంచు ఇంకా విడలేదు. హ్యాండ్ బ్రేకు ఆగడం లేదన్నాడు.

"మా ఊర్లో బండి పెట్టే సోటు ఏటవాలు మేస్త్రీ. మొన్న ఆగి ఉన్న బండి దానంతటది దిగిపోనాది. కుళాయి దగ్గిర ఆడోల్లున్నారు. గెంతి తప్పుకున్నారు గాబట్టి సరిపోయింది. గట్టిగా బిగించేయ్."

ఖాళీ బండి కింద దూరి కేబులు బిగించాను. లాగి చూశాడు. "ఇంకొంచెం" అన్నాడు. ఇంకొంచెం బిగించాను. "ఇంకొంచెం మేస్త్రీ, బరువుతో ఉంటాది గదా." నాకూ అది న్యాయంగానే తోచింది. వెనక చక్రాలు ఎత్తి చేత్తో తిప్పి చూశాను, రెండూ తేలిగ్గా తిరిగాయి. నట్టు మీద పసుపు చుక్క పెట్టి పంపేశాను.

రెండు వారాలకి మళ్ళీ వచ్చాడు. "బండి లాగట్నేదు మేస్త్రీ." గాలి ఫిల్టరు నిజంగానే దుమ్ము పట్టి ఉంది. అది మార్చి, డీజిల్ ఫిల్టరు కూడా మార్చి, పాడేరు రోడ్డులో ఎత్తుకి నడిపి చూశాను. ఖాళీ బండి హాయిగా ఎక్కింది. సంతోషంగా వెళ్ళాడు.

మూడోసారి వచ్చినప్పుడు మొహం మాడ్చుకుని ఉన్నాడు. "ఖాళీగా ఉంటే బాగానే ఎల్తంది. మనుసులెక్కితే సచ్చిపోతంది. నువ్వేటి సేసినావో మరి." స్కానర్ పెడితే తప్పేమీ చూపించలేదు. గంటన్నర వెతికితే టర్బో గొట్టం అడుగున సన్నటి చీలిక కనబడింది. దొరికాడు దొంగ అనుకున్నాను. కొత్తది వేస్తుంటే అతను పక్కన నిలబడి ఇంకో మాట అన్నాడు.

"ఎక్కేటప్పుడే బాధ. దిగేటప్పుడు మాత్రం బుద్దిగా దిగుతంది. బ్రేకు పెద్దగా తొక్కక్కర్నేదు."

"అదైనా బాగుంది కదా, సంతోషించు" అని నవ్వాను.

ఈ మాట దగ్గర ఆగండి. బరువుతో ఉన్న బండి ఘాటీ దిగుతూ బ్రేకు అడగటం లేదట. అలాంటి బండి ప్రపంచంలో ఉంటుందా? ఏ కొత్త కుర్రాడికైనా గుండె ఝల్లుమనాలి. జబ్బు ఏమిటో అతను నా చేతిలో పెట్టాడు, నేను నవ్వాను. అది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే నమ్మకం కుదరదు.

సంత రోజు

గొట్టం మార్చాక కూడా మార్పు లేదని ఫోను చేశాడు. నాకు పౌరుషం వచ్చింది. సంత రోజు మనుషులతో ఉండగా నేనే ఎక్కి చూస్తానన్నాను. మధ్యాహ్నం సంత అయ్యాక అతని పక్కన కేబినులో కూర్చున్నాను. ఇంజను చప్పుడు వినడానికి చెవులు రిక్కించుకుని ఉన్నాను. వెనక పదిహేడు మంది, వాళ్ళ బుట్టలు, బస్తాలు.

ఘాటీ మొదట్లో అమ్మవారి రాయి ఉంది. సంత బళ్ళన్నీ అక్కడ ఒక నిమిషం ఆగుతాయి. డ్రైవరు అగరొత్తి వెలిగిస్తాడు, వెనక నుంచి ఎవరో ఒక ఆడమనిషి దిగి చక్రాల మీద చెంబుతో నీళ్ళు పోస్తుంది. అది అక్కడి ఆనవాయితీ. ఆ బండిలో ఆ పని బుద్రిది. యాభై దాటిన మనిషి, అల్లం, చిక్కుళ్ళు అమ్ముకోవడానికి ప్రతి సంతకీ భర్త దాసుతో కలిసి వచ్చేది. దాసుకి మోకాళ్ళ నొప్పులు. ఎప్పుడూ ఎడమవైపు వెనక మూల, తలుపుకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేవాడట.

బుద్రి ముందు చక్రాలకి నీళ్ళు పోసి వెనక్కి వెళ్ళింది. సుయ్యిమని చప్పుడు నాక్కూడా వినబడింది. ఆమె కేబిను కిటికీ దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఆ ఎనకాల సక్రం మీద నీల్లు పోత్తే పొగలొచ్చేత్తన్నాయి. పోయిన సంతకీ అంతే. కాలిన కంపు గూడా వత్తంది. ఓపాలి దిగి సూడు."

"దారంతా ఎక్కుడు కదా, వేడెక్కుతుంది. ఇంజను సంగతి నీకేం తెలుసు? ఎక్కు, పొద్దుపోతోంది" అన్నాను.

"ఇంజను గురించి నాను సెప్పనేదు బాబూ. సక్రం గురించి సెప్తన్నాను."

నేను దిగలేదు. నా సీటు నుంచి ఆ చక్రానికి పది అడుగులు కూడా ఉండవు. దిగి, వంగి, చెయ్యి చూపిస్తే అయిపోయేది. నేను చిన్నారావు వైపు తిరిగి, పోనియ్యి అన్నాను.

బుద్రి ఎక్కలేదు. తన బుట్ట దింపుకుంది. అడ్డదారిన నడిచి వస్తానంది. ఆమెని చూసి ఇంకో పదిమంది దిగారు. భర్తని కూడా పిలిచింది. "నా మోకాల్లు ఒప్పవే. నువ్వు నడిసొచ్చేయ్, నాను బండిలో ఎల్లిపోతాను" అన్నాడు దాసు. ఆరుగురు మిగిలారు.

పదకొండు మంది దిగాక బండి మెరుగ్గా ఎక్కింది. "చూశావా, అంతా బరువు వల్లే. నీ ఇంజనుకి వయసైపోయింది" అన్నాను చిన్నారావుతో. ఆ మాట కూడా నేనే అన్నాను.

కొండ మీద నుంచి దిగడం మొదలుపెట్టాక రెండో మలుపులో చిన్నారావు కాలు పూర్తిగా కిందికి పోవడం చూశాను. బ్రేకు పెడలు మెత్తగా నేలకి ఆనింది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ ఆనింది. అతను అరవలేదు. గేరు తగ్గించి, లోయ వైపు కాకుండా కొండ వైపు కాలవలోకి స్టీరింగు తిప్పాడు. నలభై ఏళ్ళు బండి నడిపిన డ్రైవర్లని చూశాను, ఆ క్షణంలో అంత స్థిమితంగా ఉన్నవాణ్ణి చూడలేదు. బండి కాలవ గట్టుకి రాసుకుంటూ వెళ్ళి ఎడమవైపు ఒరిగి ఆగింది.

ఎడమవైపు వెనక మూలలో దాసు ఉన్నాడు.

మిగతా ఐదుగురికీ గీతలు, దెబ్బలు. నాకు నుదురు చిట్లింది అంతే. దాసుని అందరం కలిసి బండి అంచు కింద నుంచి లాగాం. తుంటి విరిగింది. ఒకడు ఫోను సిగ్నలు కోసం కొండెక్కాడు. అంబులెన్సు వచ్చేలోపు బుద్రి అడ్డదారిన దిగి వచ్చింది. బండిని చూసింది, చక్రం నుంచి వస్తున్న పొగ చూసింది, వెళ్ళి భర్త తల ఒళ్ళో పెట్టుకుంది. నా వైపు చూస్తుందేమోనని భయపడుతూ నిలబడ్డాను. చూడలేదు.

పసుపు చుక్క

బండిని నా షెడ్డుకే లాక్కొచ్చారు. వెనక డ్రమ్ములు విప్పితే లోపల ఇనుము నీలంగా మారి ఉంది. బ్రేకు షూలు బొగ్గు. చాలాసేపు రాసుకుని, ఆ వేడికి బ్రేకు నూనె మరిగిపోయింది. అంతవరకూ తేలిగ్గానే అర్థమైంది. ఎందుకు రాసుకున్నాయో మాత్రం అంతుపట్టలేదు. కొత్త షూలు వేసి, కేబుల్ని ముట్టుకోకుండా చక్రం తిప్పితే తేలిగ్గా తిరిగింది. రెండు రోజులు బుర్ర పాడుచేసుకున్నాను.

మూడో రోజు పక్క దుకాణం నుంచి సిమెంటు బస్తాలు అడిగి బండిలో వేయించాను. వెనక చక్రాల ఇరుసు, అదే యాక్సిల్, దాని కింద జాకీ పెట్టి లేపాను. అలా లేపితే చక్రం గాల్లో తేలుతుంది గాని బరువు బండి మీదే ఉంటుంది. చక్రం తిప్పబోయాను. కదల్లేదు.

చూడండి, బండికి కింద కమాన్ పట్టీలు వంపు తిరిగి ఉంటాయి. బరువు పడితే చదునవుతాయి. చదునైతే సాగుతాయి, యాక్సిల్ కాస్త వెనక్కి జరుగుతుంది. దానితోపాటు హ్యాండ్ బ్రేకు కేబులు కూడా లాగబడుతుంది. ఖాళీ బండికి గట్టిగా బిగించిన కేబులు, మనుషులు ఎక్కగానే దానంతట అదే బ్రేకు వేస్తోంది. ఎంతమంది ఎక్కితే అంత గట్టిగా. చిన్నారావు ఇన్నాళ్ళూ బ్రేకు వేసుకుని ఘాటీ ఎక్కాడు, అదే బ్రేకుతో బుద్ధిగా దిగాడు.

లైటు పట్టుకుని కేబులు చివర చూశాను. నట్టు మీద నా పసుపు చుక్క ఉంది. కొంచెం కూడా చెరగలేదు. ఇంజనులో లేని జబ్బుని రెండుసార్లు బాగుచేశాను, ఉన్న జబ్బుని నా చేత్తో నేనే పెట్టాను.

ఇక్కడ మీకు చెప్పడానికి సిగ్గుపడే ముక్క ఒకటి ఉంది. ఈ సంగతి తెలిశాక నేను తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. పైన ఊళ్ళో చిన్నారావు తాగి నడిపాడని అందరూ అనుకుంటున్నారని విన్నాను. అతను ఆ రోజు చుక్క ముట్టలేదు, నేను పక్కనే ఉన్నాను. అయినా మాట్లాడలేదు. నా షెడ్డుకి ఇక ఎవరూ రారని భయం. పోలీసుల భయం. అన్నిటికన్నా, గౌస్ మేస్త్రీ శిష్యుణ్ణని చెప్పుకుని తిరిగిన మనిషిని కదా.

పదో రోజు చిన్నారావే వచ్చాడు. బండి గురించి అడగలేదు.

"దాసు బావ ఆస్పత్రిలో ఉన్నాడు. ఆల్ల మనుసులు నా ఇంటికి రాట్నేదు. నాను తాగనేదు మేస్త్రీ. నువ్వు పక్కనే ఉన్నావు. ఆ ఒక్క ముక్క మా ఊరొచ్చి సెప్పు, సాలు."

అతన్ని బండి కిందకి తీసుకెళ్ళి నట్టు చూపించి అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. చాలాసేపు ఆ చుక్కనే చూశాడు.

"ఇంకొంచెం, ఇంకొంచెం అని నానే గదా బిగించమన్నాను" అన్నాడు.

నా మీద పడాల్సిన దాంట్లో వాటా తీసుకుంటున్నాడు. నువ్వు అడగడం తప్పు కాదు, నేను బరువు పెట్టి చూడకపోవడం తప్పు అన్నాను.

పై ఊళ్ళో

కేబులు వదులు చేసి, బ్రేకులన్నీ కొత్తవి వేసి, నాలుగు రోజుల తర్వాత ఖాళీ బండిలో ఇద్దరం పైకి వెళ్ళాం. బండి పెట్టే చోట జనం చేరారు. చిన్నారావు తాగలేదని, తప్పు నాదేనని, ఎలా జరిగిందో నిలబడి చెప్పాను. కొందరు తిట్టారు. ఒక పెద్దాయన, "నువ్వు సెప్పింది ఇన్నాం. అలాగని ఆ బండెవుడెక్కుతాడు?" అన్నాడు. బస్తాలతో సరిచూశానని చెప్పాను. ఎవరూ కదల్లేదు.

బుద్రి ముందుకి వచ్చింది. ఆస్పత్రి నుంచి బట్టల కోసం ఆ రోజే వచ్చిందట. దాసుకి ఆపరేషను అయింది, కర్ర లేకుండా ఇక నడవలేడని చెప్పారట. అది నాతో కాదు, పక్కావిడతో చెప్పింది. తర్వాత నాతో అంది.

"మేం ఎక్కితే గదా బిగుసుకుంటాది అన్నావు. మేం ఎక్కుతాం. ఇక్కడే, మా కల్ల ముందర సూపించు."

చదునైన చోటికి బండిని జరిపాం. యాక్సిల్ కింద జాకీలు పెట్టి, దిమ్మలు ఆనించి వెనక చక్రాలు లేపాను. పదహారు మంది ఎక్కారు. ఆ రోజు దెబ్బలు తగిలిన ఐదుగురూ వాళ్ళలో ఉన్నారు. నేను వాళ్ళందరి కింద వెల్లకిలా పడుకున్నాను. తలమీద చెక్కలు కిర్రుమంటున్నాయి, ఎవరి పిల్లో దగ్గుతోంది. ఏ తప్పూ చెయ్యని మనుషులు నేను బాగుచేశానన్న బండిలో మళ్ళీ కూర్చున్నారు. 

బుద్రి ఎక్కలేదు. ఎడమ చక్రం దగ్గర కూర్చుని చేత్తో తిప్పింది. "తిరుగుతంది" అంది. కుడివైపు వెళ్ళి తిప్పింది. "ఇదీ తిరుగుతంది."

నేను బయటికి జరిగి, ఇక అయిపోయిందన్నాను.

"అవనేదు" అంది. లేచి ఇంట్లోకి వెళ్ళింది. ఇంకొక ఆడమనిషి సాయంతో ఒక చోళ్ళ బస్తా, అంటే రాగుల బస్తా, పట్టుకొచ్చింది. బండిలో అందరూ ఇరుక్కుని కూర్చున్నారు గాని ఎడమవైపు వెనక మూల ఎవరూ కూర్చోలేదు. అప్పటిదాకా నేను గమనించలేదు. బస్తాని అక్కడ, తలుపుకి ఆనించి నిలబెట్టింది.

"మా ఆయన ఇంతే ఉంటాడు" అంది. "ఇప్పుడు సూడు."

నేను మళ్ళీ కిందకి దూరాను. ఆమె కూర్చుని ఎడమ చక్రం తిప్పింది. రాసుకున్న చప్పుడు సన్నగా వినబడింది. కేబులు ఇంకా కాస్త బిగువుగానే ఉంది. స్పానరు కోసం నేను బయటికి చెయ్యి చాపితే, తనే వెతికి నా చేతిలో పెట్టింది.